ఐదు మెట్ల పైన మరుగుదొడ్డి, 24 కిలోల బాబు: ఎలా చేయాలో చెప్పండి

లంక_అమ్మ | జూన్ 9, రాత్రి 10:15

అందరికీ నమస్కారమండి. మాది పి.గన్నవరం దగ్గర గోదావరి లంక ఊరు. మా బాబుకి తొమ్మిదేళ్ళు, సెరిబ్రల్ పాల్సీ. కాళ్ళు బిగుసుకుని ఉంటాయి. పట్టుకుంటే నిలబడతాడు, వదిలితే పడిపోతాడు. మాట కాస్త ముద్దగా వస్తుంది కానీ అన్నీ అర్థమవుతాయి. ఒంటేలు వచ్చినా, దొడ్డికి వచ్చినా ముందే చెప్తాడు. అలా చెప్పడం నేర్పడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

ఇబ్బందల్లా మా మరుగుదొడ్డితోనే. సెప్టిక్ ట్యాంకు పూర్తిగా నేలలోకి తవ్వితే వర్షాకాలంలో ఊట నీళ్ళతో నిండిపోతుందని మా మావయ్యగారు సగం పైకి కట్టించారు. దాంతో గది కూడా పైకి వెళ్ళింది. ఐదు మెట్లు. లోపల ఇండియన్ సీటు. మావారు మస్కట్‌లో ఉంటారు, కాబట్టి రోజుకి నాలుగైదు సార్లు ఎత్తుకుని ఎక్కించేది నేనే. లోపల వెనక నుంచి చంకల కింద చేతులు వేసి పట్టుకుంటాను, అత్తయ్యగారు నీళ్ళు పోస్తారు. మొన్న వానలో మూడో మెట్టు మీద కాలు జారింది. వాణ్ణి గుండెకి అదుముకుని మోకాలి మీద కూలబడ్డాను. వాడికి దెబ్బ తగల్లేదు, నా నడుం పట్టేసింది.

నడుం సంగతి ఎలాగో చూసుకుంటాను. నిన్న పొద్దున్న పాలు వద్దన్నాడు, నీళ్ళూ వద్దన్నాడు. ఎందుకురా అంటే, "తాగితే వస్తుంది కదమ్మా, నువ్వు మళ్ళీ పడతావు" అన్నాడు. రాత్రంతా నిద్ర పట్టలేదు.

ఆన్‌లైన్‌లో చూస్తే అన్నీ పెద్దవాళ్ళ కమోడ్ కుర్చీలే. వాడి కాళ్ళు గాల్లో వేలాడతాయి. ఏం కొనాలి, ఏం కట్టించాలి? ఇలాంటి ఇంట్లో మీరెవరైనా ఏం చేశారో చెప్పండి.

రాజోలు_నాన్న | జూన్ 9, రాత్రి 11:02

అమ్మా, ముందు మీ నడుం చూపించుకోండి. మీరు మంచాన పడితే వాణ్ణి ఎత్తేవాళ్ళుండరు.

ర్యాంపు కట్టించమని చాలామంది చెప్తారు. మా పాప కోసం నేనూ అదే అనుకున్నాను. కానీ లెక్క చూడండి: అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు ఉంటేనే చక్రాల కుర్చీ సుఖంగా ఎక్కుతుంది. మెట్టు ఏడు అంగుళాలనుకుంటే ఐదు మెట్లకి 35 అంగుళాలు, అంటే 35 అడుగుల ర్యాంపు. పెరట్లో కొబ్బరి చెట్లు కొట్టేస్తే తప్ప అంత చోటు ఎక్కడిది?

మన వైపు ఇళ్ళు కూడా ఎత్తు పునాది మీదే ఉంటాయి కదా. నేల మీదకి దిగి మళ్ళీ ఎక్కడం ఎందుకు? వెనక అరుగు నుంచి నేరుగా మరుగుదొడ్డి గుమ్మం దాకా చిన్న వంతెనలా చప్టా వేసేస్తే? మా ఇంట్లో అదే చేశాం. మీ అరుగు నేల నుంచి ఎంత ఎత్తుంది, గుమ్మం ఎంత ఎత్తుంది, మధ్య దూరం ఎంత? టేపుతో కొలిచి పెట్టండి.

ఫిజియో_అమలాపురం | జూన్ 10, ఉదయం 6:40

లంక అమ్మగారూ, మీరు పట్టుకునే తీరు చదివాక ఒక మాట చెప్పాలనిపించింది. ఇలా కాళ్ళు బిగిసే పిల్లల్ని గాల్లో పట్టుకుంటే పడిపోతానన్న భయంతో ఒళ్ళంతా ఇంకా బిగుసుకుంటుంది, కాళ్ళు కత్తెరలా అడ్డం పడతాయి. అలాంటప్పుడు లోపల కండరాలు వదులవ్వవు. సగం వెళ్ళి సగం ఆగిపోతుంది. అలా మిగిలిపోతూ ఉంటే మలబద్ధకం మొదలవుతుంది.

వాడికి కావలసినది అడుగు పాదాలు పూర్తిగా ఆనే చోటు. మోకాళ్ళు తుంటి కంటే ఒక అంగుళం పైకి ఉండాలి, ఒళ్ళు కొద్దిగా ముందుకి వంగాలి, ముందు పట్టుకోవడానికి ఒక కడ్డీ ఉండాలి. నేల మీద గొంతుక్కూర్చోవడం మామూలు పిల్లలకి మంచి భంగిమే. బిగుతు ఉన్న పిల్లాడు ఆధారం లేకుండా అలా కూర్చోలేడు.

మూడు కొలతలు తీయండి. కుర్చీలో కూర్చోబెట్టి మోకాలి మడత నుంచి మడమ వరకు, వీపు వెనక నుంచి మోకాలి మడత వరకు, తుంటి దగ్గర వెడల్పు. కుర్చీ ఎంత ఖరీదైనదైనా ఈ మూడూ కుదరకపోతే వాడికి పనికిరాదు.

పాలకొల్లు_అమ్మమ్మ | జూన్ 10, ఉదయం 9:25

నా మనవరాలికి ఏడేళ్ళమ్మా, డౌన్ సిండ్రోమ్. మేము ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి మధ్యలో గుండ్రంగా కోయించి వాడాం. రెండొందల కుర్చీ. ఏడాదిన్నర చక్కగా పనిచేసింది.

ఇంకో సంగతి చెప్పాలి, ఎవరికైనా ఉపయోగపడుతుంది. పోయినేడాది పాపకి రోజుకి ఐదారు సార్లు డ్రాయర్‌లోనే నీళ్ళలా అయిపోయేది. విరేచనాలనుకున్నాం. గంజి పోశాను, సగ్గుబియ్యం జావ ఇచ్చాను, షాపులో అడిగి మోషన్లు కట్టే మందు కూడా వేశాను. పెద్దపిల్లవయ్యావు, చెప్పలేవా అని ఒకసారి కొట్టాను కూడా. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు వణుకుతాయి. పిల్లల డాక్టరుగారు పొట్ట ఎడమ పక్క కింద నొక్కి నా వేళ్ళు తీసుకుని అక్కడ పెట్టించారు. రాయిలా గట్టిగా తగిలింది. లోపల మలం గడ్డకట్టి, దాని పక్కల నుంచి నీళ్ళు కారుతున్నాయి, పాపకి తెలిసే అవకాశమే లేదు అన్నారు. నేనేసిన కట్టుమందు దాన్ని ఇంకా బిగించింది.

నీళ్ళలో కలిపి తాగే పొడి రాశారు. పేగు మళ్ళీ మామూలు స్థితికి రావడానికి నెలలు పడుతుంది, మధ్యలో ఆపొద్దన్నారు. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించారు, ఈ పిల్లల్లో ఆ ఇబ్బంది ఎక్కువట. ఇప్పుడు బాగుంది.

ఫిజియో_అమలాపురం | జూన్ 10, మధ్యాహ్నం 1:10

అమ్మమ్మగారూ, మీరిది రాసినందుకు చేతులెత్తి దండం పెడుతున్నాను. మా దగ్గరికి వచ్చే తల్లుల్లో సగం మంది దీన్ని మోషన్లనే అనుకుంటారు. ఆ పొడి అలవాటైపోతుందని భయపడి మధ్యలో మానేసేవాళ్ళూ ఉన్నారు. అది మలంలోకి నీటిని పట్టి మెత్తబరుస్తుంది, అంతే. ఎంత వేయాలో, ఎప్పుడు తగ్గించాలో డాక్టరే చెప్పాలి.

కోసిన ప్లాస్టిక్ కుర్చీ మీ పాపకి సరిపోయింది. లంక అమ్మగారి బాబుకి మాత్రం వద్దు. వాడి ఒళ్ళు ఒక్కసారిగా వెనక్కి బిగుసుకుంటే తేలిక కుర్చీ తిరగబడుతుంది. కోసిన చోట పగుళ్ళు వచ్చి తొడ చర్మం పట్టేస్తుంది కూడా.

లంక_అమ్మ | జూన్ 10, రాత్రి 9:30

కొలిచానండి. అరుగు ఎత్తు 29 అంగుళాలు. మరుగుదొడ్డి గుమ్మం 35. మధ్య దూరం సరిగ్గా తొమ్మిది అడుగులు. పదేళ్ళ నుంచి రోజూ ఆ మెట్లు దిగి ఎక్కుతున్నాను, ఆ రెండూ దాదాపు ఒకే ఎత్తులో ఉన్నాయని ఒక్కసారి కూడా గమనించలేదు.

బాబు కొలతలు: మోకాలి మడత నుంచి మడమ 12 అంగుళాలు, వీపు నుంచి మోకాలి మడత 13, వెడల్పు 10.

రాజోలు_నాన్న | జూన్ 10, రాత్రి 10:05

ఆరు అంగుళాల తేడా, తొమ్మిది అడుగుల పొడవు! అంటే అడుగు ఎత్తుకి పద్దెనిమిది అడుగులు. పన్నెండు చాలంటే మీకు పద్దెనిమిది దొరుకుతోంది. మీ అత్తయ్యగారు కూడా కుర్చీ తోసుకెళ్ళగలరు.

తాపీమేస్త్రికి ఇలా చెప్పండి. మధ్యలో ఒక ఇటుక దిమ్మె, దాని మీద కడప రాళ్ళు. వెడల్పు మూడడుగులకి తగ్గకూడదు. రాయి నున్నటి వైపు కిందకి, గరుకు వైపు పైకి. మన ఊళ్ళల్లో నాచు పట్టడం మీకు తెలిసిందే, నునుపు రాయి మీద వానాకాలం ఎవరూ నిలబడలేరు. రెండు పక్కలా ఇనుప పైపు రెయిలింగ్, ఒకటి పెద్దవాళ్ళ చేతికి, ఒకటి బాబు చేతికి అందేలా. దిమ్మెని సెప్టిక్ ట్యాంకు మూత మీద ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టనివ్వకండి. రేపు ట్యాంకు తీయించాలంటే మూత తెరుచుకోవాలి. మా మేస్త్రి ఆ పొరపాటు చేస్తే మళ్ళీ పగలగొట్టించాం.

తలుపు లోపలికి తెరుచుకునేదైతే బయటికి తెరుచుకునేలా మార్పించండి. పిల్లాడు లోపల తలుపుకి అడ్డంగా పడితే మనం తోసినకొద్దీ వాడికే తగులుతుంది.

ఫిజియో_అమలాపురం | జూన్ 11, ఉదయం 6:55

ఇండియన్ సీటు పగలగొట్టక్కర్లేదు. దాని మీద నిలబెట్టే కమోడ్ స్టూల్స్ దొరుకుతాయి, ఇనుప కాళ్ళకి రబ్బరు బుష్‌లు ఉంటాయి. వెనక ఆనుకునే భాగం, చేతులు ఉన్నది చూడండి. ఇవి మామూలుగా 16 అంగుళాల ఎత్తుంటాయి. బాబుకి 12 అంగుళాలు కాబట్టి నాలుగు తక్కువ. మోకాళ్ళు ఒక అంగుళం పైకి రావాలి కనక ఐదు అంగుళాల పీట పాదాల కింద వేయాలి. వడ్రంగి చేత చేయించి పైన రబ్బరు మ్యాట్ అంటించండి. పెద్దవాళ్ళ సీటు కన్నం వాడికి పెద్దదవుతుంది, లోపలికి జారిపోతాడు. పిల్లల కోసం అమ్మే చిన్న రింగు దాని మీద వేసి కదలకుండా బిగించండి. నడుం దగ్గర మెత్తని బెల్టు. తొడల మధ్య ఒక తువాలు చుట్టి పెడితే కాళ్ళు కత్తెర పడవు.

వేళ కూడా ముఖ్యమే. తిన్న తర్వాత పేగు తనంతట తను కదులుతుంది. టిఫిన్ అయిన ఇరవై, ముప్ఫై నిమిషాలకి కూర్చోబెట్టండి, ఐదు నుంచి పది నిమిషాలు చాలు. రాకపోతే తీసేయండి. బెలూన్ ఊదమనండి, ఈల ఊదమనండి. పొట్ట బిగుస్తుంది, కింద వదులవుతుంది.

భీమవరం_నాన్న | జూన్ 12, రాత్రి 8:20

మా వాడికి ఆరేళ్ళు, ఆటిజం. నడుస్తాడు, పరిగెడతాడు, మెట్లతో ఇబ్బంది లేదు. మరుగుదొడ్డిలోకి మాత్రం అడుగు పెట్టేవాడు కాదు. ఒంటేలు ఎలాగో నేర్చుకున్నాడు, రెండోదానికి డైపర్ వేయించుకుని తలుపు వెనక నిలబడి పోయేవాడు. మొండితనం అని ఇంట్లో అందరూ అన్నారు. నేనూ అన్నాను.

ఒక వాన రోజు అసలు సంగతి తెలిసింది. మా వైపు నీళ్ళు పైకి ఉబికినప్పుడు గొట్టంలోంచి గుడగుడమని శబ్దం వస్తుంది కదా. ఆ శబ్దం వినగానే చెవులు మూసుకుని వీధిలోకి పరిగెత్తాడు. మనం పట్టించుకోని ఆ గుడగుడ వాడికి ఎంత పెద్దగా వినిపిస్తోందో అప్పుడు అర్థమైంది.

స్పీచ్ థెరపీ మేడమ్ చెప్పినట్టు ఒక్కో మెట్టే ఎక్కించాం. మొదటి పది రోజులు డైపర్ వేసుకునే నిలబడతాడు, కానీ బాత్రూమ్‌లో. తర్వాత డైపర్‌తోనే కమోడ్ మీద కూర్చోవడం. తర్వాత డైపర్ కింద చిన్న కన్నం కత్తిరించాం. కన్నం రోజురోజుకీ పెద్దది చేశాం. చివరికి నడుం చుట్టూ ఒక పట్టీ మిగిలింది, అదీ ఒక రోజు వాడే లాగి పడేశాడు. మొత్తం నాలుగు నెలలు. ఫ్లష్ మాత్రం వాడు బయటికి వచ్చాకే కొడతాం. గోడ మీద మా బాత్రూమ్ ఫొటోలే వరసగా అంటించాం: నిక్కరు దించడం, కూర్చోవడం, కడుక్కోవడం, చేతులు సబ్బుతో. బొమ్మలు కొన్నప్పుడు పట్టించుకోలేదు, తన సొంత చెంబు ఫొటో చూడగానే గుర్తుపట్టాడు.

మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి వెళ్ళినప్పుడు కూడా వాడి రింగు సీటు సంచిలో పెట్టుకెళ్ళాం. కొత్త చోట అదొక్కటి తెలిసిన వస్తువు ఉంటే చాలు.

నరసాపురం_తల్లి | జూన్ 13, మధ్యాహ్నం 3:45

మా పాపది వేరే కథ. పదకొండేళ్ళు, స్పైనా బిఫిడా. వెన్ను దగ్గర నరాలు సరిగా ఏర్పడక మూత్రాశయం నిండినట్టు తనకి తెలియదు. బడిలో తడిసిపోతే "ఈ వయసులో కూడానా" అన్న టీచరు ఉన్నారు. అది అలవాటుతో పోయేది కాదు, ఎంత నేర్పినా నరం కబురు మోయదు.

నాలుగు గంటలకొకసారి సన్నని క్యాథెటర్ గొట్టం పెట్టి ఖాళీ చేయాలి. అలా చేయకపోతే లోపల ఒత్తిడి పెరిగి మూత్రం వెనక్కి తన్ని కిడ్నీలు పాడవుతాయి. పొడిగా ఉంచడం రెండో సంగతి, కిడ్నీ కాపాడటం మొదటిది. ఆ మాట అర్థమయ్యాక నాకు సిగ్గు పోయింది. చేతులు సబ్బుతో బాగా కడుక్కుని ఇంట్లోనే చేసే పని ఇది. ఎనిమిదేళ్ళ వయసులో చిన్న అద్దం పెట్టుకుని తనే నేర్చుకుంది. జ్వరం వచ్చినా, మూత్రం వాసన మారినా ఆగకుండా డాక్టరు దగ్గరికి పరిగెడతాం.

ఈ జబ్బున్న పిల్లల తల్లులకి ఒక జాగ్రత్త. రబ్బరు అంటే లేటెక్స్ వీళ్ళకి ఎలర్జీ అయ్యే అవకాశం ఎక్కువ. గ్లవ్స్ అయినా గొట్టమైనా లేటెక్స్ లేనిది అడిగి తీసుకోండి. పుట్టినరోజు బెలూన్లు కూడా లేటెక్సే. పై పోస్టులో బెలూన్ అన్నారు కాబట్టి చెప్తున్నాను, మా పిల్లలకి ఈల ఇవ్వండి. రెండో బిడ్డ అనుకుంటే గర్భం రాకముందే డాక్టరుని కలవండి. మాకు ఫోలిక్ యాసిడ్ ముందు నుంచే వాడించారు.

ఫిజియో_అమలాపురం | జూన్ 13, సాయంత్రం 5:00

బెలూన్ మాట నిజమేనండి, నేను రాసి ఉండాల్సింది. ధన్యవాదాలు.

ముమ్మిడివరం_అమ్మ | జూన్ 14, రాత్రి 11:50

అందరూ చాలా బాగా చెప్తున్నారు. చదువుతుంటే నాకు మాత్రం ఏడుపొస్తోంది. మా వాడికి పన్నెండేళ్ళు. మాట లేదు, కూర్చోలేడు, ఫిట్స్ వస్తాయి. వాడికి ఏదీ తెలియదు. వాడికి డైపరే. నేర్పలేదని చుట్టాలు అంటారు, ఇక్కడా అదే వినిపిస్తున్నట్టుంది. నెలకి డైపర్లకే మూడు వేలు పైన అవుతోంది. లంక అమ్మగారూ, బడికి డైపర్ వేసి పంపేయండి. మీ నడుం మిగులుతుంది.

లంక_అమ్మ | జూన్ 15, ఉదయం 5:30

అక్కా, మీరు రాసింది చదివి ఇప్పుడే లేచి కూర్చున్నాను. నేర్పలేదని మిమ్మల్ని ఎవరు అన్నారో వాళ్ళు మీ ఇంట్లో ఒక్క రాత్రి ఉండి చూడాలి. మా వాడు చెప్పగలడు కాబట్టి డైపర్ వేస్తే చిన్నబోతాడు. మీ వాడికి అదే సుఖమైతే అదే సరైనది. నంబరు మెసేజ్ పెట్టండి, మాట్లాడుకుందాం.

ఫిజియో_అమలాపురం | జూన్ 15, ఉదయం 7:15

ముమ్మిడివరం అమ్మగారూ, డైపర్ ఓటమి కాదు. మూడు నాలుగు గంటలకొకసారి మారుస్తూ, ప్రతిసారీ నీళ్ళతో కడిగి, ఒత్తి తుడిచి, పూర్తిగా ఆరాక జింక్ క్రీమ్ రాయండి. ఎర్రగా మచ్చ కనిపిస్తే ఆ పక్క ఒత్తిడి పడకుండా తిప్పి పడుకోబెట్టండి. భోజనం తర్వాత ఆనుకునే కుర్చీలో కాసేపు కూర్చోబెట్టి చూడండి. ఏమీ చెప్పలేని పిల్లలకి కూడా కూర్చుంటే మలం తేలిగ్గా వెళ్తుంది, రోజుకి ఒక డైపర్ తగ్గినా మీకూ వాడి చర్మానికీ మేలే.

పెన్షన్ ఏ కేటగిరీలో వస్తోంది? 2024 నుంచి దివ్యాంగులకి నెలకి 6 వేలు, పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్ళకి 15 వేలు. మీ వాడిది ఏ కేటగిరీలో ఉందో సచివాలయంలో అడగండి.

భవిత_టీచర్ | జూన్ 15, రాత్రి 7:40

నేను మండల భవిత కేంద్రంలో ప్రత్యేక అవసరాల పిల్లలకి పాఠాలు చెప్తాను.

లంక అమ్మగారూ, బాబు నీళ్ళు మానేయడం అన్నిటికన్నా ముందు ఆపాల్సిన సంగతి. ఇలాంటి పిల్లల్ని ఏటా చూస్తున్నాను. పొద్దున్న ఎనిమిది నుంచి నాలుగు దాకా బిగబట్టుకుంటారు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది, మలం గట్టిపడుతుంది. ఎండాకాలం కాలువలు కట్టేసి ఊళ్ళో నీళ్ళు పొదుపుగా వాడే రోజుల్లో మరీ ఎక్కువ. ముందు బాబుతో "నీళ్ళు తాగు, ఏర్పాటు నేను చేస్తాను" అని మీరే చెప్పండి.

బడిలో ఏర్పాటు అడగడం దయ కోరడం కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 16వ సెక్షన్ చదవండి: భవనం, ఆవరణ, సౌకర్యాలు అందుబాటులో ఉండాలి, పిల్లవాడి అవసరాన్ని బట్టి తగిన సర్దుబాటు చేయాలి అని ఉంది. మన బళ్ళలో మరుగుదొడ్లు కడగడానికి ఆయాలున్నారు. కానీ పిల్లాణ్ణి ఎత్తి కూర్చోబెట్టడం వాళ్ళకి ఎవరూ నేర్పలేదు. చెప్పకుండా వాళ్ళ మీద వదిలేస్తే వాళ్ళూ భయపడతారు. ఎవరు సాయం చేస్తారు, ఏ వేళకి, ఎలా పట్టుకోవాలి అన్నది కాగితం మీద రాసుకోవాలి. ఆ కాగితం నేను తయారు చేసి ఇస్తాను.

సదరం సర్టిఫికేట్ (వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే కాగితం), యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) ఉన్నాయా? వైకల్యం 40 శాతం, ఆ పైన ఉంటే ఆడిప్ అనే కేంద్ర పథకం కింద అలింకో (దివ్యాంగుల పరికరాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ) క్యాంపుల్లో కుర్చీలు, వీల్‌చైర్లు ఇస్తారు, ఆదాయ పరిమితి ఉంటుంది. ఒకసారి తీసుకుంటే అదే వస్తువుకి మళ్ళీ మూడేళ్ళు ఆగాలి, పన్నెండేళ్ళ లోపు పిల్లలకి మాత్రం ఏడాది చాలు. పిల్లలు పెరుగుతారు కాబట్టి ఆ సడలింపు ఉంది, చాలామందికి ఇది తెలియక చిన్నదైపోయిన కుర్చీలోనే కూర్చోబెడుతున్నారు. నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఆరోగ్య బీమా కూడా చేయించండి. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ళకి ఏడాదికి లక్ష రూపాయల దాకా వస్తుంది, థెరపీ ఖర్చులు కూడా అందులో ఉంటాయి.

తణుకు_అమ్మ | జూన్ 16, సాయంత్రం 4:30

మా అమ్మాయికి పదిహేనేళ్ళు, బుద్ధి ఎదుగుదల తక్కువ. చిన్నపిల్లల తల్లులు ఇప్పటి నుంచే చేయాల్సినది ఒకటుంది. కడుక్కోవడం తనకే నేర్పండి, ఎంత ఆలస్యమైనా. మా అమ్మాయికి చెయ్యి వెనక్కి సరిగా అందదు. హెల్త్ ఫాసెట్ పెట్టించాక చెంబు ఒంపుకునే బాధ పోయింది. ముందు నుంచి వెనక్కి కడగాలని బొమ్మ మీద నేర్పించాను. పెద్దమనిషి అయ్యే ముందు ఏడాది పాటు ప్యాడ్ పెట్టుకోవడం ఆటలా సాధన చేయించాను. నిజంగా వచ్చిన రోజు భయపడలేదు.

రెండోది, సాయం చేసేవాళ్ళు ఎవరైనా సరే ముట్టుకునే ముందు "ఇప్పుడు కడుగుతున్నాను" అని పిల్లకి చెప్పి చేయాలి. అమ్మ, అమ్మమ్మ, బడిలో ఫలానా ఆయా. ఈ ముగ్గురు తప్ప ఇంకెవరైనా వస్తే "వద్దు" అని అరవాలని నేర్పాను. రోజూ పదిమంది చేతులు పడే పిల్లకి తన ఒళ్ళు తనదని తెలియడం కష్టం. తెలియాలంటే మనమే అడిగి ముట్టుకోవాలి.

ఏటిగట్టు_మావయ్య | జూన్ 17, ఉదయం 8:10

వరద కాలం ముందుంది కాబట్టి రాస్తున్నాను. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా లంకలో మరుగుదొడ్డి మెట్లు, అరుగు అన్నీ మునిగాయి. మా చెల్లెలి కొడుకు నడవలేడు. పునరావాస కేంద్రంలో వందల మందికి నాలుగు మరుగుదొడ్లు, అన్నీ నేల సీట్లే. మూడు రోజులు వాడు వెళ్ళలేదు, తిండి కూడా మానేశాడు.

ఇప్పుడు మేము జూన్ చివరికే ఒక సంచి సర్ది అటక మీద పెడతాం. మడిచే కమోడ్ కుర్చీ, దాని కింద పట్టే మూత ఉన్న బకెట్, లోపల వేసే దళసరి కవర్లు, ఒక గోనెలో ఊక. రైస్ మిల్లుల్లో అడిగితే ఊక ఎంతైనా ఇస్తారు. ప్రతిసారీ రెండు దోసిళ్ళు పోస్తే తడి పీల్చేసి వాసన రానివ్వదు. అడ్డు కట్టుకోవడానికి పాత చీర, రెండు బట్టల క్లిప్పులు. సదరం కాగితాలు ప్లాస్టిక్ కవర్లో. బ్యారేజీ దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక, అంటే 13 లక్షల క్యూసెక్కులు అనగానే మేము బయలుదేరతాం. మూడోది ఇచ్చాక పడవలో వీల్‌చైర్‌కి చోటు దొరకదు.

లంక_అమ్మ | జూలై 20, రాత్రి 9:45

నెల పైన అయింది, క్షమించండి. చప్టా పూర్తయింది. రాళ్ళు, ఇటుకలు, పైపులు, కూలీ అన్నీ కలిపి పదిహేడు వేలు. మావారు పంపారు. మేస్త్రి నున్నటి వైపే పైకి పరచబోయాడు, అత్తయ్యగారు దగ్గర నిలబడి తిప్పించారు. వాన నీరు మరుగుదొడ్డి వైపు పారుతోందని మళ్ళీ ఒక పక్కకి చిన్న వాలు ఇప్పించాం. స్టూల్ అమలాపురంలో తెచ్చాం. పీట వడ్రంగి చేశాడు, ఐదు అంగుళాలు.

మొదటి రోజు భయపడ్డాడు. బెల్టు వద్దన్నాడు. పాదాలు పీట మీద పెట్టి, నేను మోకాళ్ళ మీద చేతులు వేసి కాసేపు అలాగే కూర్చున్నాను. కాలివేళ్ళు ఎప్పుడూ ముడుచుకునే ఉంటాయి వాడికి. రెండు మూడు నిమిషాలకి ఒక్కొక్కటే విడిపోయి రబ్బరు మీద పరుచుకున్నాయి. ఫిజియో మేడమ్, మీరన్న మాట అప్పుడు కంటితో చూశాను.

నాలుగో రోజు "నువ్వెళ్ళమ్మా, తలుపు దగ్గరికి వెయ్యి, పిలుస్తా" అన్నాడు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి నేను తలుపు బయట నిలబడ్డాను. ఇప్పుడు పొద్దున్న గ్లాసు నిండా నీళ్ళు తాగుతున్నాడు.

బడి సంగతే ఇంకా తేలలేదు. మధ్యాహ్నం నేనే వెళ్తున్నాను. సోమవారం హెచ్‌ఎం గారిని కలుస్తున్నాం. భవిత టీచరుగారూ, ఆ కాగితం ఇక్కడే పెడతారా? మిగతావాళ్ళకీ పనికొస్తుంది.

భవిత_టీచర్ | జూలై 20, రాత్రి 10:30

చాలా సంతోషమండి. ఇలా రాసి తీసుకెళ్ళండి. పేర్లు, వేళలు మీరు నింపుకోండి:

"అయ్యా, నాలుగో తరగతి చదువుతున్న మా బాబుకి సెరిబ్రల్ పాల్సీ ఉంది. మరుగుదొడ్డి అవసరం ముందే చెప్పగలడు, సాయం లేకుండా కూర్చోలేడు. ఉదయం పదిన్నరకి, భోజనం అయిన ఇరవై నిమిషాలకి, మధ్యలో బాబు అడిగినప్పుడు తీసుకెళ్ళాలి. సాయం చేసేవారు ఫలానా, వారు రానినాడు ఫలానా. ఎలా పట్టుకోవాలో భవిత కేంద్రం నుంచి వచ్చి చూపిస్తారు. స్టూలు, పీట, బెల్టు మేము ఇస్తాం. గోడకి పట్టుకునే కడ్డీ, లోపల కుళాయి, తలుపుకి గడియ బడి తరఫున ఏర్పాటు చేయాలి. బాబుకి నీళ్ళు తగ్గించవద్దు. ఈ ఏర్పాటుని మూడు నెలలకొకసారి కలిసి చూసుకుందాం."

రెండు కాపీలు తీసుకెళ్ళండి, ఒకదాని మీద అందినట్టు సంతకం పెట్టించుకోండి. సోమవారం పదింటికి నేనూ వస్తాను. ఆయమ్మని కూడా అదే వేళకి ఉండమని చెప్పాను. బాబుని తీసుకురండి, వాడి ముందే చూపిద్దాం.